గోడల్లో చెమ్మ, టైల్స్ సందుల్లో తెల్లపొడి: నేల కింద షీటు వేయించే ముందు చూసుకోవాల్సినవి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాయకాపురంలో 1996లో కట్టిన ఇల్లు, ఒకటే అంతస్తు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లో రోజుల తరబడి నిలిచాయి. ఆ తర్వాత గోడలకు రెండుసార్లు లప్పం పెట్టి రంగులు వేయించినా, ఆరు నెలలు తిరక్కుండానే మూడడుగుల ఎత్తు దాకా పెచ్చులు లేస్తున్నాయి. టైల్స్ సందుల్లో తెల్లపొడి వస్తోంది. అత్తయ్యగారు పడుకునే గదిలో ముక్కిపోయిన వాసన. కాంట్రాక్టరేమో నాలుగడుగుల ఎత్తు వరకు గోడలకు టైల్స్ అంటించేద్దాం అంటున్నాడు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య తమ ఇంటి నేల కింద ప్లాస్టిక్ షీటు వేయించుకున్నామని, మిమ్మల్నీ అదే చేయించమని చెప్పారు. గడప తీయాల్సి వస్తుందేమోనని అత్తయ్యగారి బెంగ. ఇవీ మీరు అడిగినవి.

27 ఏళ్లుగా విజయవాడ, గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఇళ్ల పనులు చేయిస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ముందు ఆ టైల్స్ పని ఆపించండి. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఆ డబ్బును వేరే పనికి సర్దుకోమనండి. ఎందుకో చెబుతాను.

దీపపు కుందిలో వత్తి నూనెను ఎలా పైకి లాగుతుందో, ఇటుక గోడ నేలలోని నీటిని అలాగే లాగుతుంది. కాల్చిన ఇటుక తన బరువులో ఐదో వంతు దాకా నీళ్లు పీల్చవచ్చని మన ప్రమాణాలే ఒప్పుకుంటాయి. అంటే మూడు కిలోల ఇటుక అర లీటరుకు పైగానే తాగగలదు. కింద నుంచి ఎక్కే నీళ్లు, గోడ ముఖం మీద నుంచి ఆరిపోయే నీళ్లు ఎక్కడ సరిసమానం అవుతాయో అక్కడ చెమ్మ ఆగుతుంది. చాలా ఇళ్లలో అది మూడడుగుల దగ్గర ఆగుతుంది. మీ గోడ మీద కనిపిస్తున్న గీత అదే. ఇప్పుడు ఆ మూడడుగుల్లోనూ టైల్స్ అంటిస్తే గోడకు ఆరే దారి మూసుకుపోతుంది. నీళ్లు ఎక్కడం మాత్రం ఆగదు. టైల్స్ పైఅంచు దాటి అయిదడుగుల దగ్గర, కిటికీ కింది బండ దగ్గర బయటపడతాయి. సత్యనారాయణపురంలో ఒక ఇంట్లో ఇలా అంటించిన రెండో ఏడాదికి స్విచ్‌బోర్డు పెట్టెల్లోకి చెమ్మ చేరింది. మేం వెళ్లి ఊడదీసేసరికి టైల్స్ వెనక గోడ ముట్టుకుంటే చెయ్యి తడిసింది. లోపలి వైపు నుంచి వేసే వాటర్‌ప్రూఫ్ రంగులదీ ఇదే కథ.

ఇక మీ అన్నయ్యగారు చెప్పింది. ఆయన చెప్పింది నిజమే, వాళ్ల ఇంటికి అది సరైన పనే. అక్కడ చాలా ఇళ్లకు నేల మీద నేరుగా ఫ్లోరింగ్ ఉండదు. రెండు మూడడుగుల ఎత్తున చెక్క దూలాల మీద ఫ్లోరింగ్ ఉంటుంది. కింద మనిషి పాకుతూ వెళ్లేంత ఖాళీ ఉంటుంది. దాన్ని క్రాల్ స్పేస్ అంటారు. అందులో ఉన్న వట్టి మట్టి నుంచి ఆవిరి లేచి చెక్కకు పడితే చెక్క పుచ్చుతుంది, బూజు పడుతుంది. అందుకని మట్టి మొత్తాన్ని షీటుతో కప్పి, అతుకుల దగ్గర కనీసం ఆరంగుళాలు ఒకదానిమీదొకటి వచ్చేలా వేసి, టేపు అంటించి, అంచుల్ని చుట్టూ గోడల మీదికి ఆరంగుళాలు ఎక్కిస్తారు. షీటు లేని ఖాళీకి 150 చదరపు అడుగులకు ఒక చదరపు అడుగు చొప్పున గాలి కంతలు కావాలని అక్కడి నిబంధన. షీటు వేస్తే 1500కు ఒకటి చాలంటారు. ఒక్క షీటు ఆవిరిని ఎంత ఆపుతుందో ఆ లెక్కలోనే తెలుస్తుంది.

మన ఇళ్లకు ఆ ఖాళీ లేదు. బేస్‌మెంట్‌లో మెరక పోసి, దిమ్మిస కొట్టి, దాని మీదే కాంక్రీటు బెడ్డు, ఆపైన టైల్స్. అంటే మన నేల తడి మట్టి మీదే కూర్చుని ఉంది. షీటు మనకూ పనిచేస్తుంది, కాకపోతే పొరల మధ్యలోకి వెళ్లాలి. దానికి ఇంట్లో నేల పగలాలి. గోడల సంగతి వేరే చూసుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, నేనూ తిన్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

డబ్బు తీసే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకోండి. దీనికి ఎవర్నీ పిలవక్కర్లేదు. మందపాటి పారదర్శకమైన ప్లాస్టిక్ కవరును అడుగున్నర చదరంగా రెండు ముక్కలు కోయండి. ఒకటి అత్తయ్యగారి గది మధ్యలో, టైల్స్ సందులు కలిసే చోట పరిచి నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అంటించండి. రెండోది ఆ గది గోడకు, పెచ్చులు గీకేసి, రెండడుగుల ఎత్తులో అంటించండి. సాయంత్రం అంటిస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా కదపొద్దు, కనీసం 16 గంటలు ఉండాలి. తీసేటప్పుడు తొందరపడకండి. ముందు పై ముఖం మీద వేలు రాయండి, తర్వాత ఒక మూల నుంచి మెల్లగా లేపి అడుగు ముఖం చూడండి. పైన తడి ఉంటే అది గదిలో గాలిలోని తేమ, ఏసీ వల్లో, గాలి ఆడకపోవడం వల్లో వచ్చింది. అడుగున సన్నసన్నగా నీటి బొట్లు పట్టి, కింద టైల్ సందు ముదురు రంగుకు తిరిగి ఉంటే నేల నుంచి వస్తున్నట్టే. ఆ బొట్లను ఒకసారి మీ కళ్లతో చూస్తే ఇక ఏ కాంట్రాక్టరూ మిమ్మల్ని మాటలతో తిప్పలేడు.

దీంతోపాటు ఇంకో రెండు చూడండి. ఇంటి మధ్య గోడలకు, అంటే వాన చినుకు పడే వీలే లేని గోడలకు కూడా అదే ఎత్తులో గీత ఉందా? ఉంటే అది నేల చెమ్మే. బాత్‌రూమ్ పక్క గోడకు మాత్రమే, గుండ్రంగా మచ్చలాగా ఉంటే పైపు లీకు. రాత్రి పడుకునే ముందు పైన ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి, ఎవరూ నీళ్లు వాడకుండా ఉదయం చూడండి. తగ్గితే ముందు ప్లంబర్‌ను పిలవాలి. పైపు లీకు ఉండగా నేలలో షీటు వేయిస్తే ఆ నీళ్లు షీటు మీదే నిలబడతాయి, అప్పుడు బాధ ఇంకా ఎక్కువ.

మీ ఇంటికి నేల చెమ్మే ఉంటుందని నా అంచనా. దానికి బుడమేరు ఒక్కటే కారణం కాదు. మీరు మధ్యలో ఒక మాట రాశారు, వాకిట్లో రోడ్డు మూడుసార్లు వేశారని, ఇప్పుడు గేటు దగ్గర దిగి లోపలికి రావాలని. అసలు తాళంచెవి అక్కడుంది. ఇంటి బేస్‌మెంట్ చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. 1996లో మీ మామయ్యగారు అంతకంటే ఎక్కువే పెట్టించి ఉంటారు. రోడ్డు లేచిన కొద్దీ మీరూ సందుల్లో మట్టి, రబ్బిష్ పోయించుకుని ఎత్తు పెంచుకుంటూ వచ్చారు. అప్పుడు పునాది మీద డి.పి.సి. వేసి ఉన్నా, అంటే చెమ్మను ఆపే ఆ సన్నటి కాంక్రీటు పొర ఉన్నా, ఇప్పుడది మట్టి కిందికి వెళ్లిపోయింది. తడి మట్టి దాని పైన ఉన్న ఇటుకనే తాకుతోంది. ఇంకా వాడకపు నీళ్లు, గోడ మొదట్లో పూలమొక్కలు, ఏసీ పైపు. ఏసీ పైపు అంటే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మన బెజవాడ ఉక్కపోతలో ఒక ఏసీ రాత్రంతా నడిస్తే కారే నీళ్లు బక్కెట్టు పెట్టి చూడండి. అదంతా గోడ మొదట్లో ఒకే చోట రోజూ పడుతోంది.

కాబట్టి మొదటి పని బయట. ఇంటి చుట్టూ గోడను ఆనుకుని ఉన్న మట్టిని తవ్వి, లోపలి నేల మట్టం కంటే వీలైనంత కిందికి దించండి. సందు మరీ ఇరుకైతే గోడ పక్కన అడుగు వెడల్పునైనా దించి కంకర నింపండి. గోడ నుంచి రెండు, మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు గచ్చు వేయించండి, దీన్నే అప్రాన్ అంటారు. అప్రాన్‌కు గోడకు మధ్య సందును తారుతోనో సీలెంట్‌తోనో మూయించండి, లేకపోతే వాన నీరంతా ఆ సందులోకే దిగుతుంది. ఏసీ పైపు, వంటింటి తూము, మేడ మీది వాననీటి పైపు నేరుగా డ్రైనులోకి కలపాలి. మొక్కలు కుండీల్లోకి మార్చండి. తులసికోట గోడకు ఆనించి ఉంటే దానికీ గోడకూ మధ్య జానెడు ఎడం ఉండాలి. ఇంతవరకు చేసి ఒక వానాకాలం చూడగలిగితే చూడండి. కృష్ణలంకలో ఒక ఇంటికి ఇంతకు మించి ఏమీ చేయలేదు, చెమ్మ మూడడుగుల నుంచి అడుగు లోపుకి దిగింది. ఆ ఏరియాలో, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ గట్లకు దగ్గరగా ఉన్న వీధుల్లో కాలువలకు నీళ్లు వదిలిన నెలల్లో చెమ్మ పెరగడం, కట్టేసిన నెలల్లో తగ్గడం నేను పనుల్లో గమనించాను. మీరు కూడా ఏ నెలలో పెచ్చులు ఎక్కువ లేస్తున్నాయో క్యాలెండర్ మీద రాసుకుంటూ ఉండండి.

తెల్లపొడి సంగతి. అది ఉప్పు. మట్టిలోంచి, వరద తెచ్చిన మురుగులోంచి నీళ్లతో పాటు గోడలోకి ఎక్కి, నీరు ఆరిపోయాక మిగిలిపోయిన లవణాలు. అవి పూత వెనక గట్టిపడి ఉబ్బుతాయి, అందుకే లప్పం పొరలుగా లేస్తుంది. వాటిలో కొన్ని గాలిలోని తేమను కూడా పీలుస్తాయి. నేల నుంచి నీరు ఆగిపోయినా గోడ వానాకాలంలో తడిగా కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి ఆ ప్లాస్టరింగ్‌ను ఉంచి పైన ఏం వేసినా దండగ. చెమ్మ గీతకు అడుగు పైదాకా ఇటుక కనిపించేలా కొట్టించేయాలి. బయటపడ్డ ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, కింద గోనెపట్టా పరిచి ఎత్తి పారేయాలి. నీళ్లతో కడగకండి. కడిగితే కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. రెండు మూడు వారాలకోసారి మళ్లీ తేలుతుంది, మళ్లీ దులపాలి. విసుగు పుట్టే పని. కానీ ఈ ఓపికే తర్వాత వేసే ప్లాస్టరింగ్‌ను కాపాడుతుంది.

ఇక నేల కింది షీటు. ముందు నా తప్పు చెప్పాలి. 2003లో గుంటూరులో మా సొంత ఇంట్లో అమ్మ గదికి నేల పగలగొట్టి మంచి షీటే వేశాం. పని దగ్గర నేనే నిలబడ్డాను. షీటును గోడ దాకా తెచ్చి, గోడ మొదట్లో కత్తితో నీటుగా కోయించాను. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో ఏడు స్కర్టింగ్ వెంట, అంటే గోడ మొదట్లో అంటించే టైల్ పట్టీ వెంట, నాలుగు గోడల చుట్టూ నల్లటి చార కట్టింది. గది మధ్యలో ఎండిన రొట్టెలా ఉంది, అంచుల్లో మాత్రం చెమ్మ. మధ్యలో దారి దొరకని తడి అంతా గోడ అంచుకు చేరి, షీటుకు గోడకు మధ్య ఉన్న ఆ వేలెడు సందులోంచి గోడలోకి ఎక్కింది. అమ్మ మంచం గోడ వారనే ఉండేది. దుప్పటి అంచు తడిగా తగులుతోందని ఆమె చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మళ్లీ చుట్టూ అడుగు వెడల్పున పగలగొట్టి, షీటు అతికించి, గోడ మీదికి ఎక్కించాక గానీ తగ్గలేదు. అందుకే చెబుతున్నాను. నేలలోని షీటు, గోడలోని అడ్డు రెండూ ఎక్కడా తెగకుండా కలవాలి. కుండలో ఎంత చిన్న చిల్లున్నా నీళ్లు కారినట్టే ఇదీ.

గోడలో అడ్డు అంటే మీ ఇంటికి కొత్తగా డి.పి.సి. కావాలి. పూర్వం కొద్దికొద్దిగా ఇటుక వరస కోసి మధ్యలో బండ గానీ తారు షీటు గానీ దూర్చేవారు. మీది పిల్లర్లు లేని, గోడల మీదే శ్లాబు ఆగిన ఇల్లు కావచ్చు కాబట్టి ఆ పని నేను వద్దంటాను. ఇప్పుడు ఇంజెక్షన్ పద్ధతి ఉంది. లోపలి వైపు, బయటి నేల మట్టం కంటే జానెడు ఎత్తులో ఉన్న ఒక సిమెంటు సందును ఎంచుకుని, అదే వరసలో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, 10 నుంచి 12 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున చేస్తారు. 9 అంగుళాల గోడైతే అవతలి ముఖానికి ఒకటిన్నర అంగుళం మిగిలేంత లోతు. అందులో సైలేన్ క్రీము నింపుతారు. అది రెండు మూడు వారాల్లో ఇటుక రంధ్రాల లోపలి గోడలకు పట్టి, నీళ్లు అంటకుండా చేస్తుంది, తామరాకు మీద నీటిబొట్టులాగా. రంధ్రాల మధ్య ఎడం పెంచి పని తగ్గించుకునేవాళ్లు ఉంటారు. టేపు పట్టుకుని మీరే కొలవండి. మొహమాటపడకండి.

తర్వాత నేల. ఒక్కసారి అన్ని గదులూ తవ్వొద్దు, ఒక గది పూర్తయ్యాకే రెండోది. ముందు అత్తయ్యగారి గది. టైల్స్, బెడ్డు, పాత మెరకతో కలిపి ఇప్పుడున్న మట్టం నుంచి సుమారు అడుగు లోతు తీయించండి. బేస్‌మెంట్ లోపలే ఉంటారు కాబట్టి పునాదికి భయం లేదు, కానీ గోడ వార ఇంకా లోతుకు గునపం వేయనీయొద్దు. అడుగు మట్టిని తడిపి, దిమ్మిసతో గట్టిపరచాలి. చెదలు ఉన్నాయంటే ఈ దశలోనే మందు కొట్టించాలి, షీటు పడ్డాక ఇక వీలుండదు. దాని మీద నాలుగంగుళాలు 20 లేదా 40 ఎం.ఎం. కంకర. ఇది మేస్త్రీలు ఎక్కువగా వదిలేసే పొర. ఇసుక, డస్టు నీటిని వత్తిలా పైకి లాగుతాయి. కంకర రాళ్ల మధ్య సందులు పెద్దవి కాబట్టి లాగలేవు. కంకర వల్లే సగం చెమ్మ అక్కడే ఆగుతుంది. కంకర మొనలు షీటును గుచ్చకుండా పైన అంగుళం ఇసుక పరిచి, చేత్తో తడిమి చూస్తూ సరిచేయాలి. నేనైతే చెప్పులు విప్పి పాదాలతో నడిచి చూస్తాను. కాలికి గుచ్చుకున్నదల్లా షీటుకూ గుచ్చుకుంటుంది.

షీటు 250 మైక్రాన్లు ఉండాలి. కొన్ని షాపుల్లో 1000 గేజ్ అంటారు, రెండూ ఒకటే. అమెరికాలో క్రాల్ స్పేస్‌కు మామూలుగా సుమారు 150 మైక్రాన్ల షీటుతో సరిపెడతారు, కానీ అక్కడ షీటు మీద కాంక్రీటు పడదు, కార్మికులు పారలు పట్టుకుని నడవరు. మన పనికి 250 కంటే తగ్గొద్దు. షాపులో కిలోల లెక్కన ఇస్తారు, పేరు మాత్రం చూసి నమ్మకండి. ఒక మీటరు పొడవు, మీటరు వెడల్పు ముక్క కోసి తూకం వేయండి. 250 మైక్రాన్ల షీటైతే సుమారు 230 గ్రాములు తూగాలి. 120 గ్రాములే ఉంటే సగం మందమే ఇచ్చినట్టు. తర్వాత దాన్ని ఎండకు ఎత్తి పట్టి చూడండి. రీసైకిల్ చేసిన నాసిరకం నల్ల షీట్లలో సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. 10 అడుగులకు 12 అడుగుల గదికి, మడతలు, అతుకులు, గోడ మీదికి ఎక్కేది కలిపి సుమారు నాలుగు కిలోలు పడుతుంది. మొత్తం ఖర్చులో షీటుది చాలా చిన్న భాగం. ఇక్కడ మిగుల్చుకునేది ఏమీ లేదు.

పరిచేటప్పుడు వీలైతే గదికి ఒకటే ముక్క. అతుకు తప్పదంటే అడుగు మేర ఒకదానిమీదొకటి ఉండాలి, బ్యూటైల్ టేపు, అంటే రబ్బరులా సాగి అతుక్కునే టేపు, అంటించాలి. అట్టపెట్టెలకు వేసే గోధుమరంగు టేపు తడికి రెండు నెలల్లో ఊడుతుంది. మూలల్లో కత్తెర పెట్టనీయకండి, పొట్లం కట్టినట్టు మడతపెట్టాలి. అంచులు నాలుగు వైపులా గోడ మీదికి ఎక్కి, ఇంజెక్షన్ వరస దాకా రావాలి. అక్కడ గోడను ముందే సిమెంటుతో నున్నగా చేసి, తారు మాస్టిక్‌తో, అంటే చిక్కటి తారు జిగురుతో, అతికించాలి. పై అంచు స్కర్టింగ్ వెనక దాగిపోతుంది. పైపులు నేలలోంచి వస్తుంటే ఈ అవకాశంలోనే గోడ మీదుగా మార్పించేయండి, ప్రతి కంతా ఒక చిక్కే.

కాంక్రీటు వేసే రోజు మీరు లేదా మీవారు తప్పకుండా దగ్గర ఉండండి. షీటు ఎక్కువగా చిరిగేది ఆ గంటలోనే. బొచ్చెలు ఈడ్చొద్దు, చక్రాల బండి షీటు మీద నడవొద్దు, చెక్కలు వేసి వాటి మీద నడిపించండి. చిరిగితే వెంటనే చెప్పమని కూలీలకు ముందే మంచిగా చెప్పండి, తిడతారని భయపడితే దాచేస్తారు. చిరిగిన చోట జానెడు పెద్ద ముక్క వేసి నాలుగు వైపులా టేపు వేయడం రెండు నిమిషాల పని. కాంక్రీటు 1:3:6 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర), 20 ఎం.ఎం. చిప్స్‌తో, నాలుగంగుళాల మందం. 40 ఎం.ఎం. కంకర షీటు మీద వద్దు. నీళ్లు పలచగా కలపనీయొద్దు. కింద షీటు ఉంది కాబట్టి ఎక్కువైన నీరు దిగే దారి లేదు, పైకి తేలి బెడ్డు పగుళ్లిస్తుంది. వారం రోజులు తడి గోనెలు కప్పి ఉంచి, ఆ తర్వాత ఆరనివ్వండి. ఆపైన రెండంగుళాల లోపు సిమెంటు పరుపు, టైల్స్.

నేల పగలగొట్టేంత డబ్బు ఇప్పుడు లేదనుకోండి, పాత బెడ్డు గట్టిగా ఉందనుకోండి. టైల్స్, వాటి కింది పరుపు మాత్రం తీసి, పాత బెడ్డు మీద షీటు పరిచి, పైన రెండంగుళాలకు తగ్గకుండా కొత్త పరుపు వేయవచ్చు. మధ్యస్తంగా పనిచేస్తుంది. అక్కడా అంచులు గోడకు కలవాల్సిందే. నేల అంగుళమో కాస్త ఎక్కువో లేస్తుంది కాబట్టి తలుపులు అడుగున కోయాలి.

గోడలకు ప్లాస్టరింగ్ తొందరపడకండి. గోడ ఆరడానికి అంగుళం మందానికి నెల అని పాత లెక్క. 9 అంగుళాల గోడకు తొమ్మిది నెలలు. మన ఎండలకు కాస్త ముందే ఆరవచ్చు, అయినా ఇటుక కనిపించే గోడతో కొన్ని నెలలు ఉండాలి. చుట్టాలు వస్తే ఏమనుకుంటారో అని టెన్షన్ పడకండి. ఆరిన తర్వాత సున్నం కలిపిన సిమెంటు ప్లాస్టరింగ్ వేయించండి, ఉప్పు లేని కృష్ణ ఇసుకతో. ప్లాస్టరింగ్ కింది అంచు నేలను తాకకూడదు, అంగుళం ఎడం వదిలి స్కర్టింగ్‌తో మూయాలి. తాకితే ఆ ప్లాస్టరింగే వత్తిలా అయి డి.పి.సి.ని దాటి నీళ్లు ఎక్కిస్తుంది. మొదటి ఏడాది సున్నమే వేయండి. లప్పం, ప్లాస్టిక్ రంగులు మరుసటి ఏడు చూసుకోవచ్చు.

షీటు ఏం చేయలేదో కూడా చెప్పాలి. అది మట్టిలోంచి లాగే చెమ్మనూ ఆవిరినీ ఆపుతుంది. బుడమేరు మళ్లీ గడప దాటి వస్తే ఆపలేదు. అలాగే ఇది చదువుతున్న గుంటూరు వైపు వాళ్లకు ఒక మాట. నల్లరేగడి మీద కట్టిన ఇంట్లో వానలకు నేల ఉబ్బి, ఎండలకు కుంగి, టైల్స్ డప్పు మోగినట్టు మోగుతుంటే అది రేగడి సాగడం, ముడుచుకోవడం వల్ల. షీటుతో పోదు, రేగడి తీసి ఎర్ర గ్రావెల్ తోలించి దిమ్మిస కొట్టించాల్సిన పని. రెండూ ఉన్న ఇళ్లలో ముందు గ్రావెల్, తర్వాత షీటు. కొత్తగా కట్టుకునేవాళ్లయితే బేస్‌మెంట్ నింపే రోజునే షీటు, ప్లింత్ బీము (పునాది పైన, గోడల కింద వేసే కాంక్రీటు దూలం) మీద 50 కిలోల సిమెంటు బస్తాకు కిలో చొప్పున వాటర్‌ప్రూఫింగ్ పొడి కలిపిన డి.పి.సి. అడిగి వేయించుకోండి. అప్పుడు ఒక్కరోజు పని. పాత ఇంట్లో ఇదే పనికి నెలలు పడుతుంది.

మీ పనికి కాలం సంక్రాంతి వెళ్లాక. జనవరి చివర్లో బయటి మట్టి, అప్రాన్, పాత ప్లాస్టరింగ్ కొట్టేయడం, ఫిబ్రవరిలో ఇంజెక్షన్, మార్చి, ఏప్రిల్‌లో నేల. రోహిణి కార్తె ఎండలకు గోడలు బాగా ఆరతాయి. అత్తయ్యగారికి ఆ రెండు నెలలు మంచం హాల్లోకి మార్చండి. దుమ్ము ఆయాసం పుట్టిస్తుంది, గది తలుపుకు తడి దుప్పటి వేలాడదీయండి.

గడప గురించి అత్తయ్యగారిని బెంగ పెట్టుకోవద్దని చెప్పండి. నేలను అడుగు తవ్వి మళ్లీ పొరలన్నీ కలిపి సుమారు అడుగే నింపుతున్నాం కాబట్టి మట్టం మారదు, గడప ఎక్కడిదక్కడే ఉంటుంది. షీటును గడప కింది అంచు దగ్గర రెండు వైపుల నుంచీ తెచ్చి, తారు మాస్టిక్‌తో గడప రాయికి అతికిస్తే సరిపోతుంది. మీది చెక్క గడప అయితే మాత్రం అడుగున చెద పట్టిందేమో ఒకసారి ఉలితో గుచ్చి చూడండి. ఉలి మెత్తగా దిగితే చెక్క పోయినట్టే, అప్పుడు మంచి రోజు చూసుకుని కింద రాతి గడప వేయించుకోవచ్చు. కవరు పరీక్ష చేసి ఫొటోలు పెట్టండి, గోడలకున్న గీత నేల నుంచి ఎన్ని అంగుళాలుందో నాలుగు చోట్ల కొలిచి రాయండి. రంధ్రాల వరస ఏ ఎత్తులో పెట్టాలో అది చూసి చెబుతాను.